బ్రేకుల ఉపసంఘం

"తొందరపడి బ్రేకు కంట్రోలర్ కొన్నవాడు, తొందరపడి పెళ్ళి చేసుకున్నవాడికంటే ఎక్కువ ఏడుస్తాడు!" అని వెండెల్ క్రాట్కీ ప్రకటించాడు. నెబ్రాస్కాలో, చర్చి నేలమాళిగలో, ట్రైలర్ మిత్రుల సంఘం నెలవారీ సమావేశంలో. అతణ్ణి నలభై రెండేళ్ళ కిందట పెళ్ళాడిన ఆర్డిత్ గసగసాలు కూరిన కొలాచీ బన్నులు పంచుతూ ఆ మాట విని, రెండో పళ్ళెం అందుకుంది.

వెండెల్ ఆ సంఘంలో బ్రేకుల ఉపసంఘానికి అధ్యక్షుడు. ఉపసంఘంలో రెండో మనిషి లేడు కాబట్టి తీర్మానాలన్నీ ఏకగ్రీవం. పికప్ బండి వెనక తగిలించి లాక్కెళ్ళే, మంచం పట్టే గదిలాంటి ట్రైలర్ కొని పదకొండు నెలలైనా అది వాకిట్లోంచి అంగుళం కదల్లేదు. పికప్ నడిపేవాడి కాలికిందనుంచి ట్రైలర్ చక్రాలకు బ్రేకు కబురు మోసే పెట్టె ఏది కొనాలో తేలలేదు మరి! తీగలున్నదైతే డాష్‌బోర్డుకు చిల్లులు పొడవాలి. తీగల్లేనిదైతే పికప్ వెనకనున్న ప్లగ్గులో గుచ్చి ఫోనుతో నడపాలి. ఫోనును నమ్మవచ్చునా అనే అంశంపై అతను మూడు సమావేశాలు మాట్లాడాడు. సభ్యులు గడ్డాలు నిమురుకుంటూ తలలాడించారు.

ఆర్డిత్‌కు మాత్రం అక్క లియోనా బెంగ. లియోనా ఐదువందల మైళ్ళవతల వయోమింగ్‌లో ఉంటుంది. చూపు పోతోంది. చలికాలం దాటితే మనుషుల ముఖాలు ఆనవని డాక్టరు చెప్పేశాడు. ఆమె ఒంటిగది ఇంట్లో ఇంకో మంచం పట్టదు. అక్క వాకిట్లో పెట్టుకుని రెండు నెలలు ఉందామనే కదా ట్రైలర్ కొన్నది!

"అక్టోబరు వచ్చేసింది వెండెల్."

"ఎనిమిది రకాలు తీసేశాను. ఇంక ఆరే ఉన్నాయి."

ఆ మర్నాడు ఆర్డిత్ ఊళ్ళోకి వెళ్ళి, దుకాణంలో మొదట చేతికందిన తీగల్లేని కంట్రోలర్ తెచ్చేసింది. పుట్టింట్లో ముప్ఫై కోతలకు పికప్‌తో ధాన్యం బళ్ళు లాగిన మనిషికి ప్లగ్గు గుచ్చడం ఎంతసేపు? గుచ్చి, ఫోను తెరిచింది. ట్రైలర్ బ్రేకులు కనబడడం లేదంది ఫోను.

"చూశావా, ఫోనును నమ్మకూడదని చెప్పానా లేదా!" అన్నాడు వెండెల్ సంబరంగా.

ఆర్డిత్ పాత దుప్పటి పరిచి ట్రైలర్ కిందికి దూరింది. ఒక చక్రం వెనక చూసింది, రెండోదాని వెనకా చూసింది. ఫోను అబద్ధమాడలేదు. చిన్న ట్రైలర్, తేలికైనది, బ్రేకులు పెట్టాలని చట్టం అడగదు. తయారుచేసినవాడు పెట్టనూ లేదు.

వెండెల్ ముఖం పాలిపోయింది. ఈ సంగతి సంఘంలో తెలిస్తే తల ఎత్తుకోలేనని బతిమాలాడు. ఆర్డిత్ దుప్పటి దులిపి పికప్ తలుపు తీసింది.

"ఎక్కు. నేను నడుపుతాను. మేం ధాన్యం బళ్ళు లాగిందీ బ్రేకుల్లేకుండానే."

మర్నాడు సాయంత్రానికి చేరారు. లియోనా గుమ్మంలోకి వచ్చి చెల్లెలి ముఖాన్ని రెండు చేతులా పట్టుకుని తన ఎడమకంటి వైపుకు తిప్పుకుంది. కుడికన్ను ఆగస్టులోనే పోయిందట. ఆగస్టులో వెండెల్ ఫోన్ల విశ్వసనీయత గురించి మాట్లాడాడు. ఆర్డిత్‌కు మొగుడిమీద కడుపు మండిపోయింది.

అప్పుడే వెండెల్ ఫోను మోగింది. సంఘం కార్యదర్శి డ్వేన్. ట్రైలర్ కదిలిందని విని, అధ్యక్షులవారి పదకొండు నెలల కృషిని అభినందిస్తూ తీర్మానం చేశామన్నాడు. కొండ దిగేటప్పుడు బ్రేకులు ఎలా పట్టాయని అడిగాడు.

"అద్భుతం డ్వేన్! వేలితో అలా తాకితే చాలు!"

ఆర్డిత్ ఫోను లాక్కుంది. "డ్వేన్, దీనికి బ్రేకులే లేవు. చక్రాల వెనక ఏమీ లేదు, నేను కిందికి దూరి చూశాను."

పక్కన ఎవరూ వినకుండా అన్నట్టు, గొంతు తగ్గించి డ్వేన్ అడిగాడు.

"ఆర్డిత్, మా దానికి ఉన్నాయో లేవో ఎలా చూడాలి?"

దుప్పటి పరుచుకోమని చెప్పి, ఫోను కట్టేసి, ఆమె అక్క ఎడమకంటికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.