మిచిగన్ కోసం ఒక ప్రార్థన చీటీ

ఎప్పుడూ చెడిపోని కారు కుటుంబానికి చేటు!

కోప్పడకండి, నిదానంగా ఆలోచించండి. తాళం తిప్పగానే స్టార్టయి, చెప్పిన చోటికి తీసుకెళ్ళి, మళ్ళీ ఇంటి దగ్గర దింపే కారు వల్ల మనిషికి ఒరిగేదేమిటి? ఓర్పు వస్తుందా? లోకజ్ఞానం పెరుగుతుందా? దేవుడు గుర్తొస్తాడా? ఈ మూడూ కావాలంటే ఇంటి ముందు అమెరికా బండి ఉండాలి. అదీ ఎనిమిది సీట్లది. అదీ, తయారుచేసిన కంపెనీ వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియనిది!

నమ్మకం కుదరకపోతే బహ్రెయిన్ వెళ్ళి, గుదైబియాలో కృపానందం ఇల్లెక్కడని అడగండి. ఎవరైనా చెబుతారు. రెండు కార్ల చోటు ఆక్రమించి ఒక్క బండి నిలబడి ఉంటుంది. అదే గుర్తు.

కృపానందం భీమవరం వైపు మనిషి. సిత్రాలో ఒక కాంట్రాక్టు కంపెనీకి స్టోర్‌కీపర్. ఇంట్లో తనూ, భార్య రూతమ్మా, కూతురు జెస్సికా. ముగ్గురే. ఆ ముగ్గురి కోసం నాలుగేళ్ళ క్రితం 'ప్రెయిరీ కింగ్' అనే ఎనిమిది సీట్ల బండి కొన్నాడు. "ఇది కారు కాదు, కుటుంబం" అని ప్రకటనలో రాసి ఉంది. కృపానందం ప్రకటనలు నమ్మే మనిషి.

ఆ బండి ఖండాలు దాటడానికి చేసింది. బహ్రెయిన్ ఎంత? గట్టిగా గంట తోలితే ఎటు వెళ్ళినా సముద్రమే! వెనక వరసకి ఏసీ చల్లదనం చేరేలోపు చర్చి వచ్చేస్తుంది. అయితేనేం? ఆ చివరి వరసలో చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని జెస్సికా కూర్చుంటుంది. ముందు సీట్లోంచి రూతమ్మ కూతురికి ఫోన్ చేస్తుంది. "చున్నీ సర్దుకో, దిగబోతున్నాం." ఒకే బండిలో వెళుతూ ఫోన్లో మాట్లాడుకునేంత విశాలమైన కుటుంబ జీవితం చిన్న కార్లలో దొరుకుతుందా?

దొరకదు. జయకర్‌ని చూడండి.

జయకర్ కృపానందానికి తోడల్లుడు, రూతమ్మ చెల్లెలి మొగుడు. అతనిది చిన్న జపాన్ కారు, పదకొండేళ్ళ పాతది. పాపం, ఆ కారు వల్ల జయకర్ ఎంత వెనకబడిపోయాడంటే, దాన్ని చేసిన కంపెనీ లాభంలో ఉందో నష్టంలో ఉందో కూడా అతనికి తెలియదు. తెలుసుకునే అవసరం పదకొండేళ్ళలో ఒక్కసారీ రాలేదు!

కృపానందం అలా కాదు. పొద్దున్నే బైబిలు, ఆ తర్వాత అమెరికా కార్ల కంపెనీలుండే డెట్రాయిట్ వార్తలు. ఒక్కోసారి ఈ వరస తారుమారవుతుంది కూడా. ఆ ఊరున్న మిచిగన్ రాష్ట్రంలో కార్మికులు సమ్మె చేస్తే ఇక్కడ కృపానందం మధ్యాహ్నం సరిగా తినలేకపోయేవాడు. సుంకాలు, బ్యాటరీ బండ్లు, అప్పుడెప్పుడో 2009లో అక్కడి పెద్ద కంపెనీలు దివాలా కోర్టుకెక్కడం, అన్నీ నోటికి వచ్చు. బహ్రెయిన్‌లో సెలవు రోజైన శుక్రవారం ఆరాధన అయ్యాక, ఫెలోషిప్ భోజనాల దగ్గర ఈ విషయాల మీద అతను మాట్లాడుతుంటే, చేతిలో ప్లేటు పట్టుకుని పారిపోలేనివాళ్ళంతా వినేవారు. ప్రతి ప్రసంగం చివరా ఒకే మాట.

"జపాన్ బండి ఎక్కడం అంటే, జయకర్, స్టూలు మీద కూర్చుని ప్రయాణం చేయడమే!"

జయకర్ నవ్వి ఊరుకునేవాడు.

స్నేహాలు కూడా అమెరికా బండి వల్లే! సిత్రాలో గ్యారేజీ మెకానిక్ ముత్తన్నది జగిత్యాల పక్క. అతనికి జెస్సికా మార్కులు తెలుసు, రూతమ్మ మోకాలి నొప్పి తెలుసు. "జపాన్ బండోళ్ళు ఒక్కలు నాకు దోస్తులు గాలె సార్. ఆయిల్ మార్పిచ్చుకుంటరు, పోతరు. మీరంటే మా ఇంట్ల మనిషి లెక్క" అంటాడు. 

అలాంటి ముత్తన్న ఒకరోజు బండి కింది నుంచి బయటికొచ్చి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఖలాస్ సార్. గేరుబాక్స్ కంప్యూటర్ పోయింది. బండి ఒక్క గేరు మీద పాకుతది గని, టెస్టుల పాస్ గాదు. గా సామాన్ ఈడ దొరకది. స్క్రాప్‌ల గూడ అడిగిన, లేదన్నరు."

"పోనీ, ఎక్కడ దొరుకుతుంది?"

"అమెరికాకెల్లి రావాలె. ఆల్ల దగ్గరన్న ఉన్నదో లేదో! కంపెనీయే ఊగుతున్నదట గదా?"

"ఎవడు చెప్పాడు నీకు?" అన్నాడు కృపానందం కోపంగా.

"మీరే చెప్పిన్రు సార్, పోయినపారి వచ్చినప్పుడు. గంట సేపు చెప్పిన్రు."

సమస్య చిన్నది కాదు. బహ్రెయిన్‌లో ఏటా బండిని టెస్టుకి తీసుకెళ్ళి పాస్ చేయించాలి. కృపానందం బండికి గడువు ఇంకా నాలుగు వారాలు. ఆ లోపు పార్టు రాకపోతే ప్రెయిరీ కింగ్ రోడ్డెక్కదు. ఎక్కకపోతే శుక్రవారం చర్చికి ఎవరి బండిలో వెళ్ళాలి?

జయకర్ బండిలో. వెనక సీట్లో.

జయకర్ ఒక్క మాట కూడా అనడు. అదే కృపానందం భయం. ఏమీ అనకుండా వెనక డోరు తీసి, పట్టుకుని నిలబడతాడు!

కృపానందం చివరి అస్త్రం తీశాడు. వాళ్ళ ఫెలోషిప్‌లో గుమ్మం దగ్గర ఒక పెట్టె ఉంటుంది. అక్కర ఉన్నవాళ్ళు చీటీ రాసి వేస్తారు. మంగళవారం ఉపవాస ప్రార్థనలో ఆడవాళ్ళు ఒక్కో చీటీ చదివి, మోకాళ్ళ మీద ప్రార్థిస్తారు. జవాబు దొరికితే చీటీ వేసినవాళ్ళు మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి, ఆ వారం బిర్యానీ వాళ్ళది.

"గేరుబాక్స్ పార్టు రావాలని రాయండి" అంది రూతమ్మ.

"అంత పెద్ద దేవుణ్ణి పట్టుకుని గేరుబాక్స్ అడుగుతామా? కంపెనీని నిలబెట్టమని అడుగుతాను. కంపెనీ నిలబడితే పార్టు అదే వస్తుంది."

"ఏమోనండీ. మీ స్టోర్‌లో ఎవరైనా బోల్టు కావాలని వచ్చి, ఫ్యాక్టరీ బాగుండాలని రాసిస్తే, మీరు బోల్టు ఇస్తారా?"

కృపానందం వినలేదు. కంపెనీ పేరు, ఊరు, రాష్ట్రం, అప్పుల వివరంతో సహా చీటీ నిండా రాసి పెట్టెలో వేశాడు.

ఆడవాళ్ళు ఏ పనీ సగం చేసే రకం కాదు. మూడు మంగళవారాలు కన్నీళ్ళతో ప్రార్థించారు. ఒక పెద్దావిడైతే, "ఆ మిచిగన్ గారిని లేవనెత్తు తండ్రీ, ఆయన భార్యాబిడ్డల్ని కాపాడు" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

నాలుగో వారం సోమవారం పొద్దున కృపానందం ఫోన్ చూసి మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. కంపెనీ గట్టెక్కింది! లాభం వచ్చింది! షేరు ఎగిసింది!

"రూతూ! విన్నాడు! ప్రభువు విన్నాడు!"

రూతమ్మ అప్పటికప్పుడు పాస్టరుగారికి ఫోన్ చేసింది. చర్చి వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. శుక్రవారం సాక్ష్యం ఖాయం, బిర్యానీ ఖాయం. ఆ సంబరంలో కృపానందం వార్త మిగతా సగం చదవడం మధ్యాహ్నం దాకా ఆలస్యమైంది.

లాభం ఎలా వచ్చిందో ఆ సగంలో ఉంది. కుటుంబాల బండ్లు తయారుచేయడం కంపెనీ పూర్తిగా మానేసింది. ఇక మీదట పికప్పులే. చిన్న దేశాలకి పార్టులు పంపడం దండగని, అదీ ఆపేసింది.

బుధవారం గడువు దాటిపోయింది. ప్రెయిరీ కింగ్ రెండు కార్ల చోటులో ధ్యానంలోకి వెళ్ళింది.

శుక్రవారం జయకర్ వచ్చాడు. ఏమీ అనలేదు. వెనక డోరు తీసి పట్టుకున్నాడు. కృపానందం మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ఒళ్ళో బిర్యానీ డెగిసా పెట్టుకుని కూర్చున్నాడు. ఒక పక్క జెస్సికా, ఇంకో పక్క రూతమ్మ. ముందు సీట్లో రూతమ్మ చెల్లెలు.

"నాన్నా, కాస్త జరగవా?" అంది జెస్సికా. నాలుగేళ్ళలో కారులో కూతురు తనతో ఫోన్ లేకుండా మాట్లాడింది అప్పుడే.

పాస్టరుగారు పేరు పిలిచారు. కృపానందం మైకు ముందు నిలబడ్డాడు. హాలంతా ముందుకి వంగి కూర్చుంది.

"నాలుగేళ్ళుగా ఆ కంపెనీ కష్టాలు నా ఇంటి కష్టాల్లా చదివాను" అన్నాడు. "వాళ్ళు నన్ను కుటుంబం అన్నారు కదా అని, మొన్న వాళ్ళ రిపోర్టులో నేనెక్కడున్నానో వెతికాను. చివరి పేజీలో 'ఇతర మార్కెట్లు' అని ఒక లైను ఉంది. నేనూ, మా ఆవిడా, పిల్లా, ఆ లైనులో ఉన్నాం. ఆ లైను కొట్టేశాకే కంపెనీకి లాభం వచ్చింది."

"హల్లెలూయా!" అన్నారు వెనక నుంచి ఎవరో, అలవాటు కొద్దీ.

అమెరికా బండి మహిమ మీరే చూశారు. ఓర్పు వచ్చింది, లోకజ్ఞానం వచ్చింది, దేవుడూ గుర్తొచ్చాడు. ఒక్క చిన్న సందేహం మాత్రం మిగిలింది. కంపెనీ బాగుండాలని మనం మోకాళ్ళు అరగదీసుకుంటాం సరే, మన బాగు కోరి ఏ కంపెనీ అయినా, ఏ దేశంలో అయినా, ఏ పెట్టెలోనైనా ఒక్క చీటీ వేసిందా?

భోజనాలయ్యాక కృపానందం చేతులు కడుక్కుంటుంటే జయకర్ పక్కకొచ్చి నిలబడ్డాడు. నాలుగేళ్ళుగా పడ్డ మాటలకి బదులు ఇప్పుడు తీర్చుకుంటాడని కృపానందం సిద్ధమయ్యాడు. జయకర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అన్నయ్యా, రోజూ నా బండిలోనే తిరుగు, నాకేం అభ్యంతరం లేదు. ముందు సీటు కూడా నీదే. కానీ నీకు పుణ్యం ఉంటుంది, నా కారు కంపెనీ కోసం మాత్రం ప్రార్థన పెట్టించకు!"