తొంభై ఆరు చదరాలు, ఒక సూది

శనివారం పొద్దున రికార్డులావిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇల్లు ఊడ్చి, కాఫీ తాగి, కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని, మధ్యాహ్నంలోగా ఇరవై ముక్కోణాల జతలు కుట్టేయాలి. మిగతా లోకంతో ఆ రోజు ఆమెకు ఏ పనీ లేదు.

ఆఫీసులో రికార్డు గది చూసుకుంటుంది కాబట్టి అందరూ ఆమెను రికార్డులావిడ అంటారు. పాతికేళ్ళ ఫైళ్ళలో ఏ కాగితం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఆమెకున్న జబ్బల్లా భయం ఒక్కటే. ఫైలు కనబడకపోతే భయం, కనబడితే అందులో కాగితం తగ్గిందేమోనని భయం. ఆ భయం పోవడానికే బొంతలు కుట్టడం నేర్చుకుంది.

బొంత పనిలో ఆమెకు అన్నిటికంటే ఇష్టమైనవి మిగులు ముక్కలు. పెద్ద బొంత కుట్టేటప్పుడు పొడుగు ముక్క మూల మీద ఒక చదరం పెట్టి, ఆ మూల నుంచి ఈ మూలకు ఏటవాలుగా కుట్టి, బయటికి మిగిలిన కొసను కత్తిరిస్తారు. అప్పుడు ముదురు రంగుదొకటి, లేత రంగుదొకటి, రెండు ముక్కోణాలు రాలిపడతాయి. తొందరగలవాళ్ళు వాటిని చెత్తబుట్టలో వేస్తారు. రికార్డులావిడ మటుకు ఆ రెంటినీ ఏటవాలు అంచున కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి, మూడంగుళాల చదరంగా సరిచేసి బిస్కెట్ల డబ్బాలో దాచుకుంటుంది. చిత్తు కాగితం వెనకవైపు కూడా రాసే మనిషికి బట్టముక్క పారేయడానికి చేతులెలా వస్తాయి?

అలా కూడిన తొంభై ఆరు చదరాలతో ఒక పసిపిల్ల బొంత తయారైంది. మొన్న గురువారం సాయంత్రం దాన్ని తీసుకెళ్ళి ఆఫీసరమ్మగారి చేతికిచ్చింది. ఆవిడ కూతురికి పాప పుట్టి అప్పటికి నెల దాటింది. "ప్రత్యేకంగా పాప కోసమే కుట్టానండి" అని కూడా చెప్పింది. అది పూర్తిగా అబద్ధం కాదు. కుట్టడం ప్రత్యేకంగానే కుట్టింది, బట్ట మాత్రం మిగులుది.

ఇక శనివారం సంగతి. రికార్డులావిడ మిషను ముందు కూర్చుని, అలవాటు ప్రకారం సూదుల లెక్క చూసుకుంది. ఫ్లానెల్ గుడ్డకు వరసగా గుచ్చిన చేతిసూదులు ఎప్పుడూ పన్నెండు. లెక్కపెడితే పదకొండు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండే. ఖాళీగా ఉన్న చోటును వేలితో తడిమింది. అక్కడ ఉండాల్సింది బొంత అంచు కుట్టిన సన్నసూది. గురువారం పొద్దున అంచు పూర్తయ్యేసరికి ఆఫీసు వేళ దాటిపోతోందని, ఆ ఒక్కపూట లెక్క చూసుకోలేదు.

పై బట్టకూ అస్తరుకూ మధ్య దూది ఉంటుంది. దూదిలో సూది దూరితే పైకి కనబడదు, తడిమినా తెలియదు. నెల పిల్ల ఒంట్లో గుచ్చుకున్నాకే తెలుస్తుంది.

"ఏమండీ" అంది. లేచి గుమ్మంలోకి వచ్చింది.

భర్త పాత స్పీకర్లు, రేడియోలు బాగుచేసే మెకానిక్కు. వరండాలో వైర్లు పరుచుకుని కూర్చున్నవాడు ఆమె మొహం చూసి లేచాడు. ఇద్దరూ కలిసి మిషను కింద, చాపల కింద, కుర్చీ మెత్తల్లో వెతికారు. దొరకలేదు. అత్తగారు ఎక్కడైనా చూశారేమో అడుగుదామంటే, ఆవిడ నిన్ననే కూతురింటికి వెళ్ళింది. ఫోను మోగుతోంది గాని తియ్యడం లేదు.

"ఆఫీసరమ్మకి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పెయ్" అన్నాడు భర్త.

"ఉన్నమాటా? పాప బొంతలో సూది పెట్టి ఇచ్చానని చెప్పమంటారా?"

"పెట్టి ఇవ్వలేదుగా, ఉండిపోయింది."

"ఆవిడకి ఆ రెండూ ఒకటే."

చివరికి నంబరు నొక్కింది. ఆఫీసరమ్మ గొంతు వినగానే, పేరబెట్టుకున్న మాటలన్నీ విరిగిపోయాయి.

"మేడం, ఆ బొంత... ఇప్పుడే పాపకి వెయ్యొద్దండి. రంగు దిగుతుందేమోనని అనుమానంగా ఉంది. ఒకసారి తెప్పించుకుని ఉతికిస్తాను."

"రంగా? నిన్ననే వేడినీళ్ళలో ఉతికించాను. చుక్క రంగు దిగలేదు. ఇప్పుడు పాప దాని మీదే పడుకునుంది."

రికార్డులావిడ గోడకు ఆనుకుంది. "దాని... మీదా అండి?"

"మరి బొంత కింద వెయ్యక నెత్తిన వేస్తారా?" అని ఆఫీసరమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆ తరువాత గొంతు మారిపోయింది. "ఓహో. అర్థమైంది. నిన్న నీ సెలవు అర్జీ తిప్పి పంపాననేగా. గురువారం ఇచ్చి శనివారం తిరిగి అడుగుతున్నావ్. పాతికేళ్ళ సర్వీసులో ఇలాంటిది వినలేదమ్మా."

ఫోను పెట్టేసిన చప్పుడైంది. రికార్డులావిడకు నిజానికి ఆ సెలవు సంగతే గుర్తులేదు. చెల్లెలి ఇంటికి వెళ్ళొద్దామని అడిగిన మూడు రోజులవి. ఇప్పుడది గోరుచుట్టు మీద రోకటిపోటయింది. ఒకవైపు పాప, మరోవైపు ఉద్యోగం.

"పద" అన్నాడు భర్త. అంటూనే మూలనున్న పెద్ద స్పీకరు పగలగొట్టి, అందులోంచి చిన్న పళ్ళెమంత అయస్కాంతం తీసి గుడ్డసంచిలో వేసుకున్నాడు. "సూది ఎక్కడున్నా ఇది పట్టిస్తుంది. నువ్వు పాపని ముద్దు చేస్తూ ఉండు. నేను అలా బొంత మీంచి పోనిచ్చి వచ్చేస్తా. ఎవరికీ తెలీదు."

ఆ ఉపాయం ఆఫీసరమ్మ గేటు దాకా బాగానే నడిచింది. అది ఇనప గేటు. సంచి దానికి జానెడు దూరంలో ఉండగానే ఎగిరి వెళ్ళి ఠంగుమని అతుక్కుంది. భర్త ఒక కాలు గేటుకు తన్నిపెట్టి లాగుతుంటే, రికార్డులావిడ అతని నడుం పట్టుకుని లాగుతోంది. సరిగ్గా అప్పుడు ఆఫీసరమ్మ తలుపు తీసింది.

"గేటు పీక్కుపోతారా?" అని అడిగింది.

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. లోపలికి రమ్మని ఆవిడ అనలేదు, వద్దనీ అనలేదు. తలుపు తెరిచి ఉంది కాబట్టి, సంచిని గేటు నుంచి ఊడబీక్కుని వెళ్ళారు. ముందుగదిలో కిటికీ దగ్గర చెక్క ఉయ్యాల తొట్టి, అందులో చిన్న పరుపు, పరుపు మీద ముక్కోణాల బొంత, బొంత మీద నిద్రపోతున్న పాప. పక్కనే ఆఫీసరమ్మ కూతురు ఆరిన బట్టలు మడత పెడుతోంది.

"రండి ఆంటీ. బొంత ఎంత బాగుందో. దీని మీద వేస్తే తప్ప నిద్రపోవడం లేదు. ఉట్టి పరుపు మీద పడుకోబెడితే ఒకటే ఏడుపు" అంది కూతురు.

రికార్డులావిడ చూపు పాప వీపు కింద ఉన్న ముక్కోణాల మీదే ఉంది. నీలం, తెలుపు. ఎరుపు, గోధుమరంగు. ఏ ముక్క కింద ఉందో. పాప ఊపిరి పీల్చినప్పుడల్లా ఆమె ఊపిరి ఆగుతోంది.

"ఆ సంచిలో ఏముంది?" అని అడిగింది ఆఫీసరమ్మ.

"అయస్కాంతం అండి" అన్నాడు భర్త. అబద్ధం ఆడటానికి అతనికి టైము చాలలేదు.

"అయస్కాంతం దేనికి?"

దేనికో చెప్పేలోపు పాప నిద్రలో ఒళ్ళు విరుచుకుని, మొహం ఎర్రగా చేసుకుని, ఒక్కసారిగా కెవ్వుమంది. రికార్డులావిడకు పై ప్రాణాలు పైనే పోయాయి. "సూది, సూది" అంటూ ఒక్క ఉదుటున వెళ్ళి పాపను ఎత్తేసి గుండెకు హత్తుకుంది.

ఆ తరువాత కాసేపు ఆ గదిలో ఎవరేం మాట్లాడారో ఎవరికీ గుర్తులేదు. పాప చొక్కా విప్పారు, వీపు చూశారు, కాళ్ళూ చేతులూ మడతలు విప్పి చూశారు. చిన్న ఎర్ర మచ్చ కూడా లేదు. కూతురు పాపను ఒళ్ళో వేసుకోగానే ఏడుపు ఆగి, పాలు తాగుతున్న చప్పుడు వినబడింది. ఆకలి.

ఆఫీసరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఇప్పుడు మొదట్నుంచీ చెప్పు" అంది.

రికార్డులావిడ చెప్పింది. పన్నెండు సూదులు, పదకొండు సూదులు, రంగు దిగుతుందన్న అబద్ధం, స్పీకరు, అన్నీ చెప్పింది. వింటున్నకొద్దీ ఆఫీసరమ్మ పెదవులు బిగుసుకున్నాయి. "విప్పు" అంది. "ఆ బొంత మొత్తం నా కళ్ళ ముందు విప్పు. దూది కూడా వేరు చెయ్యి."

భోజనాల బల్ల మీద బొంత పరిచారు. భర్త ముందుగా అయస్కాంతాన్ని దాని మీద అంగుళం అంగుళం పోనిచ్చాడు. ఏమీ పట్టలేదు. అయినా విప్పాల్సిందేనన్నట్టు ఆఫీసరమ్మ వేలు బొంత మీదే ఉంది. రికార్డులావిడ చిన్న కత్తెరతో కుట్లు తెంపడం మొదలుపెట్టింది. అంచు ఊడింది, అస్తరు ఊడింది, దూది పొరలుగా వచ్చింది. తరువాత చదరాలు ఒక్కొక్కటే విడిపోయి బల్ల మీద కుప్పపడ్డాయి.

ఆఫీసరమ్మ ఒక చదరం తీసి తిప్పి చూసింది. ఇంకోటి తీసింది. "ఇదేమిటి, ఏ రెండూ ఒక బట్ట కావు. ఇవన్నీ ఎక్కడివి?"

రికార్డులావిడ కత్తెర కింద పెట్టింది. ఎలాగూ మునిగాక చలేమిటి అనుకుంది. "మిగిలినవండి. పెద్ద బొంతలు కుట్టినప్పుడు మూలల్లో కత్తిరించి పడేసే ముక్కోణాలు. పారేయలేక రెండేసి కలిపి కుట్టి దాచుకున్నాను. పాప కోసం కొత్తబట్ట కొనలేదు."

ఆఫీసరమ్మ రెండు చదరాలు పక్కపక్కన పెట్టింది. ముదురువైపులు రెండూ కలిసి ఒక పెద్ద ముక్కోణమయ్యాయి. కింద మరో రెండు పెట్టి, ఒకదాన్ని తిప్పింది. నాలుగూ కలిసి గాలిమరలా తిరిగాయి. మళ్ళీ తిప్పితే ముదురు రంగు మధ్యలో వజ్రంలా నిలబడింది. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆవిడ కోపానికన్నా ఇలా కూర్చోవడానికి ఎక్కువ భయపడి, భర్త అయస్కాంతంతో ఉయ్యాల తొట్టి వైపు జరిగాడు. బొంతలోంచి జారి పరుపులోకి దిగిందేమోనని అతని అనుమానం. పరుపు మీద ఒక జాన దూరం జరిపాడో లేదో, అయస్కాంతం దబ్బున కిందికి అతుక్కుంది.

"దొరికింది" అన్నాడు. రికార్డులావిడ కత్తెర అందుకుని పరుగెత్తింది.

పరుపు కవరు కోసి చూశారు. అందులో ఉన్నది సూది కాదు. దళసరి దూది కింద లోతుగా ఉన్న స్ప్రింగుల్లో ఒకటి తెగి, వేలెడు పొడుగు తీగ మొన తేలి, పై గుడ్డకు గోరంత దూరంలో నిలబడి ఉంది. మొన్న కొన్న కొత్త పరుపది. కూతురు ఆ మొనను వేలితో తాకి చూసి, పాపను ఇంకా దగ్గరికి లాక్కుంది. "ఉట్టి పరుపు మీద వేస్తే ఏడ్చేది ఇందుకా అమ్మా" అంది. మధ్యలో ఆ మిగులు ముక్కల బొంత దళసరిగా లేకపోతే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు.

అప్పుడే రికార్డులావిడ ఫోను మోగింది. అత్తగారు.

"ఏంటే అమ్మాయ్, పది సార్లు చేశావ్? సూదా? నిన్న స్టవ్ బర్నర్ కన్నాలు మూసుకుపోతే దాంతో పొడిచాను. వంటింట్లో క్యాలెండర్‌కి గుచ్చి పెట్టా. దానికింత గోలా?"

ఆవిడకు కొంచెం చెవుడు కాబట్టి గట్టిగానే మాట్లాడుతుంది. గదిలో అందరికీ వినబడింది. రికార్డులావిడ ఫోను పట్టుకుని తల వంచుకుని కూర్చుంది. లేని సూది కోసం ఆఫీసరు ఇంటిమీదికొచ్చి, పసిపిల్లను ఏడిపించి, బొంత ముక్కలు ముక్కలు చేసింది. సోమవారం ఆఫీసులో తన బల్ల మీద ఏ కాగితం ఉంటుందో ఊహించుకుంటోంది.

ఆఫీసరమ్మ ఆ తెగిన తీగను కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. పరుపును మెట్ల కింద పడేయించింది. తరువాత మళ్ళీ బల్ల దగ్గరకొచ్చింది.

"నువ్వు భయపడకపోతే ఇవాళ ఆ పరుపు సంగతి మాకు తెలిసేది కాదు" అంది. అంత మెత్తగా ఆవిడ మాట్లాడటం రికార్డులావిడ ఎప్పుడూ వినలేదు కాబట్టి, అందుకూ భయపడింది.

"రేపటికల్లా మళ్ళీ కుట్టి తెచ్చేస్తానండి" అంది చదరాలు పోగుచేస్తూ.

"ముట్టుకోకు" అంది ఆఫీసరమ్మ. "ఇది నేనే కుడతాను. ఎలా కలపాలో మొదటి వరస చూపించి వెళ్ళు."

రెండు వారాల తరువాత ఆవిడ ఆ బొంతను ఆఫీసుకు తెచ్చి, మధ్య బల్ల మీద పరిచి, అందరినీ పిలిచి చూపించింది. ఐదో వరసలో మూడు ముక్కోణాలు తిరగబడి ఉన్నాయి. ఆ సంగతి ఆవిడతో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.