మంత్రిగారి పొడుగు అక్షరాలు

మన అక్షరాలకు పొట్టలు పెరిగిపోయాయని మంత్రిగారు పత్రికలవారిని పిలిచి ప్రకటించారు. ఇకపై ప్రభుత్వం వారి రాత ఏదైనా సన్నగా, పొడుగ్గా, నిటారుగా నిలబడే కొత్త ఫాంటులోనే ఉండాలన్నారు. ఆయన సొంత పొట్ట బల్లకు ఆనుకునే ఉంది. అక్షరాల కోసం అంత బాధపడే నాయకుణ్ణి నేను చూడలేదు.

ఆ ఫాంటుతో తొలి బోర్డు తయారుచేసే భాగ్యం నాకే దక్కింది. నాది బోర్డుల షాపు, ఎదురుగా ప్రభుత్వ ఆసుపత్రి. దానికి కొత్తగా రంగులు వేశారు కనుక మంత్రిగారు మళ్లీ ప్రారంభించాలి, ప్రారంభిస్తే బోర్డు ఉండాలి. పీఏగారు కాగితం తెచ్చారు. పేరు ఒకటి, పదవులు పదకొండు. మామూలు అక్షరాలైతే బోర్డు పక్క వీధిలోకి పోయేది. కొత్త ఫాంటులో అన్నీ భుజాలు రాసుకుంటూ పట్టేశాయి. కాకపోతే బోర్డు పైకి పెరిగి, మేడమీది వార్డు కిటికీలు మూసుకుపోయాయి.

డాక్టరమ్మ నా షాపుకు వచ్చింది. ఆవిడది ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగం. రోజుకు యాభై మంది రోగులు రాకపోతే ఆసుపత్రి ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చిందట.

"ఆసుపత్రి అన్న మాట ఎక్కడా లేదేంటన్నయ్యా?" అంది.

పీఏగారిని అడిగాను. ఆ మాటకు చోటు మిగల్చడానికేగా ఈ ఫాంటు, అన్నారాయన. నిజంగానే జానెడు మిగిలింది. తెల్లారేసరికి మంత్రిగారికి పన్నెండో పదవి వచ్చింది. అది సరిగ్గా సరిపోయింది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగాక రోగులు తగ్గి, అర్జీలు పట్టుకొచ్చేవాళ్లు పెరిగారు. బదిలీ కావాలని వచ్చినవాడికి డాక్టరమ్మ బీపీ చూసి, మాత్రలిచ్చి, రోగుల్లో రాసుకుంది. అయినా లెక్క ముప్ఫై దాటలేదు.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం మంత్రిగారి కారు ఆ బోర్డు కిందే ఆగింది. వెనక సీట్లో మంత్రిగారు గుండె పట్టుకుని చెమటలు కక్కుతున్నారు. దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడని పీఏగారు నన్నడిగారు. నేను ఎదురుగా చూపించాను.

ఆయన బోర్డు మొత్తం చదివారు.

"అది మా సార్ ఆఫీసయ్యా. నాకు చదువు రాదనుకున్నావా?"

డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చేసరికి కారు మలుపు తిరిగింది.

అది గ్యాసేనని పట్నంలో తేలింది. మర్నాడే మంత్రిగారు పత్రికలవారిని పిలిచి, మా వీధిలో ఒక్క ఆసుపత్రి కూడా లేకపోవడం సిగ్గుచేటన్నారు. వెంటనే కట్టిస్తానన్నారు. శంకుస్థాపన బోర్డు ఆర్డరు నాకే వచ్చింది. ఇప్పుడు పదవులు పదమూడు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. ఆసుపత్రి ఎత్తేస్తున్నట్టు ఉత్తర్వు చేతిలో ఉంది. కొత్త ఆసుపత్రిలో ఉద్యోగానికి దరఖాస్తు టైపు చేసిపెట్టమంది.

"మామూలు అక్షరాలు చాలన్నయ్యా" అంది.

ప్రభుత్వానికి పంపే కాగితం కనుక కొత్త ఫాంటే పెట్టాల్సి వచ్చింది. ఆవిడ ఇరవై ఏళ్ల సర్వీసూ ఒక్క లైనులో పట్టేసింది.