అరసవల్లి బల్బు

ఆ ఆదివారం పొద్దున్న నీలవేణి పెట్టుకున్న పని ఒక్కటే. అన్న భోజనానికి వస్తున్నాడు కనక గారెలు వేసి, పనసకాయ కూర వండాలి. ఆదివారం ఆ ఇంట్లో నీసు ముట్టరు. ఆమె భర్త అప్పలసూరికి అరసవల్లి సూర్యనారాయణస్వామి అంటే అంత గురి. పప్పు రుబ్బడం అయిపోయి చెయ్యి కడుక్కుంటూ ఉండగా అప్పలసూరి వచ్చి, నోట్లోంచి వేపపుల్ల తీసి, చల్లగా ఒక మాట చెప్పాడు.

"ఒసే నీలేణీ, ఇయ్యాల మీ అన్న ముందల మన బల్బు దింపతన్నాను. అరసవల్లి బల్బు మా ఇంట్ల ఇంకా ఎలుగుతన్నాదని రుజువైతే మీ అన్న మీసం తీసెయ్యాల. కాపోతే నా మీసం తీసేస్తాను. ఫోన్ల మాటైపోనాది."

నీలవేణి కడుక్కున్న చెయ్యే మళ్లీ కడుక్కుంది. పెళ్లిచూపుల నాటినుంచీ ఆమె ఆ మీసాన్నే చూస్తోంది. అది లేని అప్పలసూరి మొహం ఎలా ఉంటుందో ఆమె ఊహకే అందలేదు.

ఆ బల్బు సంగతి వీధిలో తెలియనివాళ్లు లేరు. ఎనిమిదేళ్ల కిందట రథసప్తమికి వెళ్లి, దర్శనం చేసుకుని వస్తూ గుడి దగ్గర కొట్లో అప్పలసూరి కొన్న ఎల్ఈడీ బల్బు అది. అట్టపెట్టె మీద పాతిక వేల గంటలు అని అచ్చేసి ఉంది. స్వామి సన్నిధిలో కొన్నది కనక అప్పలసూరి దాన్ని మామూలు బల్బుగా చూడలేదు. వీధి వరండాలో పెట్టి, పురుగు వాలకుండా, దుమ్ము పట్టకుండా పైన తెల్లటి గాజు గ్లోబు దగ్గరుండి బిగించాడు. అది మొదలు దీపాల వేళ స్విచ్చి వెయ్యడం, దండం పెట్టుకోవడం, దారిన పోయేవాళ్లని ఆపి "ఎలిగింది సూడు, ఇన్నేళ్లైనా!" అనడం అతనికి నిత్యకృత్యం. నమ్మనివాడు ఒక్కడే, నీలవేణి అన్న నరసింగరావు. అతనికి చీపురుపల్లిలో కరెంటు సామాన్ల కొట్టుంది. "పెట్టి మీద ఏటైనా అచ్చేస్తారు బావా. మూడేళ్లు ఎలిగితే సంబరమే" అనేవాడు.

అన్న మాటే నిజమని నీలవేణికి బాగా తెలుసు. ఆమె ఆ బల్బుని గుట్టుగా రెండుసార్లు మార్చింది మరి. మొదటిసారి, అప్పలసూరి కడుపులో రాయికి ఆపరేషను చేయించుకుని విజయనగరం ఆస్పత్రిలో ఉన్నాడు. రేపు ఇంటికొస్తాడనగా బల్బు ఆరిపోయింది. అసలే నీరసంగా ఉన్న మనిషి, చీకటి వరండా చూస్తే స్వామి తనని వదిలేశాడనుకుని కుంగిపోతాడని భయపడింది. రాజాం నుంచి అలాంటిదే తెప్పించి పెట్టేసింది. తరవాత చెబుదామనుకుంటూ ఉండగానే అదీ ఆరిపోతే మళ్లీ గుట్టుగానే మార్చింది. అలా ఏళ్లు గడిచిపోయాయి.

ఇప్పుడు చిక్కేమిటంటే, గ్యారంటీ కోసం కొట్టువాళ్లు బల్బు మెడ మీద అమ్మిన తేదీ మార్కరుతో రాస్తారు. గ్లోబు విప్పగానే గుట్టు రట్టవుతుంది. అప్పలసూరి నీళ్ల గదిలో దూరడం చూసి, నీలవేణి గుడ్డ మీద కిరసనాయిలు చల్లుకుని స్టూలెక్కింది. గ్లోబు విప్పి తేదీ తుడవబోయి, నివ్వెరపోయింది. అది ఆమె పెట్టిన బల్బు కాదు. దాని మెడ మీద మొన్నటి దసరా తేదీ, తన అన్న చేతిరాతలో ఉంది.

"గట్టిగా రుద్దే కోడలా, బేగి సెరగదు" అంది కిందినుంచి ఒక గొంతు. అత్త గురమ్మ అప్పటికే స్టూలు పట్టుకుని నిలబడి ఉంది.

"అత్తా! నువ్వు మార్సినావేటి?"

"మరేటి సెయ్యమంటావు? దసరాకి నువ్వు పుట్టింటికెల్నావు, ఇది మాడిపోనాది. సూరిగాడు సూస్తే అన్నం మానేస్తాడు. మీ అన్న కొట్లోనే కొన్నాను, నీల్ల గదికని సెప్పి. నువ్వు మార్సింది నాకు తెలీదనుకున్నావేటి? నీకంటే ముందల మొదటిది మార్సింది నానే!"

ఇన్నేళ్లూ ఒకే కప్పు కింద ఒకే దొంగతనం చేస్తూ, ఒకరికొకరు చెప్పుకోకుండా దాచుకున్నందుకు అత్తాకోడళ్లకి నవ్వొచ్చింది. నవ్వడానికి తీరికెక్కడిది? తేదీ చెరిగింది గానీ బల్బు ముత్యంలా మెరుస్తోంది. గురమ్మ పరుగున వెళ్లి నీళ్ల పొయ్యిలోంచి పిడికెడు బూడిద తెచ్చింది. నీలవేణి దాన్ని బల్బుకి శ్రద్ధగా పట్టించి, మూలనున్న సాలెగూడు ఒకటి చుట్టి, గ్లోబు బిగించేసరికి అప్పలసూరి తల తుడుచుకుంటూ వచ్చాడు.

"స్టూలెక్కినావేటి?"

"బూజు... బూజు దులపతన్నాను మావా."

అప్పలసూరి కళ్లు చెమర్చాయి. "నాకంటే నీకే భక్తెక్కువే" అని, పసుపు కుంకం తెచ్చి గ్లోబుకి బొట్టు పెట్టాడు. అది ఎదురింటి లక్ష్మణమ్మ చూసింది. బల్బుకి పూజ జరుగుతోందని ఆమె నాలుగిళ్లకి చెప్పి, కొబ్బరికాయ పట్టుకుని వచ్చేసింది. నరసింగరావు మోటారు సైకిలు దిగేసరికి వరండా నిండా జనం, గ్లోబుకి బంతిపూల దండ, కింద అగరొత్తులు.

"ఇదేటి బావా, బల్బుకి పెల్లా?" అన్నాడతను.

"ఎటకారాలొద్దు. ముందల ఒక సంగతి ఇనుకో. ఆ దినం కొట్టువాడు తేదీ రాస్తే, ఆడి మార్కరే అడిగి పక్కన సిన్న సూర్యుడి బొమ్మ గీసినాను నాను. ఇన్నాల్లూ ఎవలికీ సెప్పలేదు. గుర్తుంటాదని."

నీలవేణి అత్త వైపు చూసింది. గురమ్మ ఆకాశం వైపు చూసింది.

నరసింగరావు స్టూలెక్కి, దండ తీసి, గ్లోబు విప్పి, బల్బుని నొక్కి తిప్పి ఊడదీశాడు. పిడికెడు బూడిద అతని మొహాన పడింది. నాలుగు తుమ్ములు తుమ్మి, బల్బుని పంచె కొంగుతో తుడిచి చూశాడు. "ఇది మా కొట్లో సరుకే. తేదీ సెరిగిందంటే సరే గానీ, సూర్యుడేడి బావా?"

అప్పలసూరి బల్బుని అటూ ఇటూ తిప్పాడు. సూర్యుడు లేడు. జనం గొణుక్కున్నారు. లక్ష్మణమ్మ కొబ్బరికాయ చంకలో దాచుకుంది. అప్పలసూరి అరుగు మీద కూలబడి, "నీలేణీ, బ్లేడు అట్రా" అన్నాడు. ఆ గొంతు విని నీలవేణికి ఏడుపు ఆగలేదు.

"నాదే తప్పు మావా. ఆస్పత్రినించి వొచ్చి సీకటి సూస్తే నీ మనసు ఇరిగిపోద్దని మార్సినాను. నువ్వు దండం ఎట్టుకుంటంటే సెప్పడానికి నోరు రాలేదు. పండగలాగుండేది నీ మొహం."

అప్పలసూరి తలెత్తి భార్యని చూశాడు. కోపం రావాలి గానీ రాలేదు. ఇన్నేళ్లూ తను దండం పెట్టింది ఎవరి దయకో అతనికి అప్పుడు తెలిసింది. "ఏడవకే. మీసమే కదా, మల్లీ వస్తాది" అన్నాడు.

నరసింగరావుకి గెలిచిన సంతోషం నిలవలేదు. మాట మార్చడానికని, "ఇంతకీ మొదటిదేటైనాది?" అని అడిగాడు.

"పారేస్తానేటి, స్వామి బల్బుని?" అంది గురమ్మ. "ఆ గ్లోబులో మినుకుమినుకుమంటంటే తీసి సాలలో ఎట్టినాను. దూడకి సీకటైతే బయ్యం కదా. రోజూ పొద్దుగూకితే నానే ఎలిగిస్తన్నాను."

అందరూ పశువుల శాలకి పరిగెత్తారు. వాసానికి వేలాడుతున్న వైరుకి, పేడ మరకలతో, ఈగల మచ్చలతో ఒక బల్బు. గురమ్మ స్విచ్చి వేసింది. అది వెలిగింది. నరసింగరావు దాన్ని ఆర్పించి, దింపి, పంచె రెండో కొంగుతో తుడిచాడు. మెడ మీద వెలిసిపోయిన తేదీ, పక్కన వంకర కిరణాలతో బుల్లి సూర్యుడు.

"సెప్పినానా!" అని అప్పలసూరి వేసిన కేకకి దూడ బెదిరి తాడు తెంచుకుంది. "మా ఇంట్ల ఎలుగుతన్నాదన్నాను గానీ, వరండాలోనన్నానేటి?"

"నాకిప్పుడు తెలిసింది బావా" అన్నాడు నరసింగరావు. "తప్పు బల్బులది కాదు, నీ గ్లోబుది. అందల గాలాడదు. ఆ ఏడికి లోపలున్న సర్క్యూటు ఉడికిపోతాది. ఎన్ని బల్బులెట్టినా అంతే. ఇక్కడ గాలి తగిలింది కాబట్టి ఇది బతికిపోనాది." అలా అంటూనే అతని చెయ్యి తన మీసం మీదికి పోయింది.

"గారెలు సల్లారిపోతన్నాయి. ఇద్దరూ మీసాలతోటే తినండి" అని గురమ్మ తీర్పు చెప్పింది. పందెం అక్కడితో చెల్లిపోయింది. లక్ష్మణమ్మ కొబ్బరికాయ శాలలో కొట్టింది. అప్పలసూరి ఆ పూట పన్నెండు గారెలు తిన్నాడు. ప్రతి ముద్దకీ నీలవేణిని చూసి నవ్వాడు.

మర్నాడు పొద్దున్న నీలవేణి పేడ తియ్యడానికి శాలలోకి వెళ్లేసరికి అప్పలసూరి స్టూలు మీద ఉన్నాడు. ఇన్నేళ్లూ దిక్కులేక దుమ్ము కొట్టుకుపోయిన స్వామి బల్బుకి, వరండాలోని గాజు గ్లోబు తెచ్చి దగ్గరుండి బిగిస్తున్నాడు.

నీలవేణి వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. ఇంట్లోకి వెళ్లి అన్నకి ఫోన్ చేసి, ఒక బల్బు పక్కన పెట్టమంది.