పటం కట్టుకున్న షావుకారు

వ్యవహారం మొదలయ్యేనాటికి ఫ్రేముల షావుకారు చేతిలో ఉన్న సరుకు ఇది: చేయించమన్నవాడు మళ్లీ మొహం చూపించని తలుపంత బంగారు రంగు ఫ్రేము, అంచులు చిరిగిన ఏనాటిదో యుద్ధచిత్రం అచ్చుకాపీ, బొమ్మలు వేయడం చక్కగా వచ్చిన భార్య. మూడూ ఇంట్లో ఊరికే పడి ఉన్నాయని అతని లెక్క. మూడో పద్దును మాత్రం ఎప్పుడూ పైకి చదవలేదు. ఆ మాత్రం తెలివి అతనికుంది.

అలాంటి సమయంలో ఒక గిరాకీ తగిలాడు. మీసాల వకీలు. మనిషి కన్నా ముందు మీసం గదిలోకి వస్తుంది.

"నా ఆఫీసు గోడకి పెద్ద యుద్ధం కావాలి. అచ్చుకొట్టింది వద్దు, చేత్తో వేసింది కావాలి."

"నాకు తెలిసిన మహా చిత్రకారుడున్నాడు. ఎవరికీ కనిపించడు, ఎవరితోనూ మాట్లాడడు" అన్నాడు షావుకారు.

భార్యకి నిజం చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. మేడ మీది గది అడుగుతుంది. మంచి వెలుతురున్న ఆ గదిలో కూర్చుని బొమ్మలు వేసుకోవాలని ఆమెకి కాపురానికొచ్చిన నాటి కోరిక. అందులో విరిగిన ఫ్రేములు కాపురముంటున్నాయి.

"పనికిరాని సామానుకి ఒక గది ఉండాలి కదే" అనేవాడు షావుకారు.

"మరి మీరు కిందెందుకు తిరుగుతున్నారు?" అనేది ఆమె.

అందుకని బొమ్మ వేయించాలి, గది ఇవ్వకూడదు. ఇదీ పథకం.

"ఏమే, మన హాల్లో గోడ బోసిగా లేదూ?"

"మొదట్నుంచీ అలాగే ఉంది. ఇవాళ కనబడిందా?"

"ఈ యుద్ధం నీ చేత్తో వేస్తే ఇంటికే అందం."

"ఇంట్లో రోజూ జరిగేది చాలలేదా?" అంది కానీ, అచ్చులో గుర్రాలు చూసేసరికి ఆమె చెయ్యి ఆగలేదు.

అచ్చు మీద చిన్న గళ్లు గీసింది. కాన్వాసు మీద అన్నే పెద్ద గళ్లు గీసింది. గడికి గడి చూసి దించడం మొదలుపెట్టింది. భోజనాల బల్ల యుద్ధభూమి అయిపోయింది.

"భోజనం ఎప్పుడే?"

"ఫిరంగి ఆరనివ్వండి."

"అయ్యో, నా చొక్కా మీద ఈ నెత్తురేమిటి?"

"కంగారుపడకండి, మీది కాదు. ఆ దండులో వాళ్లది."

అంతా సాఫీగా నడుస్తుండగా ఒక చిక్కొచ్చింది. అచ్చులో ఒకచోట రంగు లేచిపోయి, గుర్రం మీంచి పడుతున్న రౌతుకి మొహం లేకుండా పోయింది.

"మీరు కాస్త పడండి, చూసి వేస్తాను" అంది భార్య.

సోఫా చెయ్యి గుర్రమైంది, చీపురు కత్తి అయింది. షావుకారు ఒక కాలు పైకెత్తి వెల్లకిలా వాలాడు.

"మొహం భయపడినట్టు పెట్టండి."

"నేను భయపడే రకం కాదు."

"మా అమ్మ వస్తోంది. ఈసారి ఇక్కడే ఉండిపోతుందట."

షావుకారు కళ్లు తేలేశాడు.

"ఆ, అలాగే ఉండండి."

సరిగ్గా అప్పుడే అతని జేబులోంచి ఫోను జారి, నేల మీద పడి మోగింది. ఆమె తీసుకుంది. "చెప్పండి... అలాగా... ఎవరికీ కనిపించరా? ఓహో..." అంటూ వంటింట్లోకి నడిచింది.

చాలాసేపటికి తిరిగొచ్చింది.

"ఎవరే?"

"రాంగ్ నంబరు."

రాంగ్ నంబరుతో అంతసేపు ఏం మాట్లాడతారని అతనికి తోచింది. కానీ రక్తమంతా తలలోకి దిగి ఉండటంతో ఆ ఆలోచన ముందుకు సాగలేదు.

"ఒక్క పడటం చాలదండీ" అంది భార్య కుంచె కడుగుతూ. "బోర్లా పడండి. పొదలో దాక్కోండి. ఇప్పుడు హాలు చుట్టూ పారిపోండి. చీపురు వదిలేసి పారిపోవాలి!"

నడుం పట్టేసేదాకా షావుకారు పారిపోయాడు.

పూర్తయ్యేదాకా బొమ్మవైపు తొంగిచూడకూడదని ఆమె కట్టడి చేసింది. బొమ్మ పూర్తయ్యి, ఆరింది. ఆమె దానికి ముసుగు గుడ్డ కప్పి, గోడవైపు తిప్పిపెట్టి, "చెల్లెలింటికి వెళ్లొస్తా. హాల్లో మేకు కొట్టించండి" అని వెళ్లిపోయింది.

షావుకారు ఒక్క క్షణం వృథా చెయ్యలేదు. పటాన్ని ముసుగుతోనే బోర్లా వేసి, వెనక నుంచి ఫ్రేములోకి దించి మేకులు కొట్టాడు. పటాలు కట్టేవాళ్లకి బొమ్మ వీపుతోనే పని, మొహంతో కాదు. భార్య అడిగితే దొంగలు పడ్డారని చెబుదామనుకున్నాడు. వంగలేని నడుంతోనే బండికెత్తించి వకీలు ఆఫీసుకి చేర్చాడు.

అక్కడ ఒక కుర్చీలో భార్య కూర్చుని టీ తాగుతోంది.

"రండి, రండి" అన్నాడు వకీలు. "మహా చిత్రకారుడు ఎవరికీ కనిపించడన్నారు. ఫోన్ చేస్తే చక్కగా మాట్లాడారు!" అంటూ ఫ్రేము అంచుల్లో ఇరుక్కున్న ముసుగుని ఊడలాగాడు.

గుర్రాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. తెల్లగుర్రం మీద కత్తి ఎత్తిన సేనాపతికి, శిరస్త్రాణం కింద, షావుకారు భార్య మొహం. గుర్రం మీంచి పడుతున్నవాడు షావుకారు. పొదలో దాక్కున్నవాడు షావుకారు. గడ్డం పెట్టుకుని పారిపోతున్నవాడు, గడ్డం లేకుండా పారిపోతున్నవాడు, వాళ్లిద్దరి కాళ్ల మధ్య నుంచి పాకుతున్నవాడు, అందరూ షావుకారే. ఓడిన దండు దండంతా ఒక్కడే.

"వకీలుగారూ, ఇది... ఇది పనికిరాదులెండి, వెనక్కి పట్టుకుపోతాను" అన్నాడు షావుకారు నీరుగారిపోయి.

"పనికిరాకపోవడమేమిటి? నా దగ్గరికొచ్చేవన్నీ మొగుడూ పెళ్లాల దావాలేనండీ! దీని ముందు కూర్చోబెడితే సగంమంది నవ్వుకుంటూ రాజీపడతారు. ఇంకోటి కూడా కావాలని అమ్మగారికి అప్పుడే చెప్పేశాను."

షావుకారు భార్య వైపు తిరిగాడు. "నలుగురిలో నన్నిలా పటం కట్టేస్తావా?"

"నేను బొమ్మ మాత్రమే వేశానండీ" అంది ఆమె టీ కప్పు దించి. "పటం కట్టుకున్నది మీరే. అదీ బంగారు ఫ్రేములో."

చివరికి తేలిన లెక్క ఇది. బంగారు ఫ్రేము వకీలు గోడకెక్కింది, వచ్చిన సొమ్ము చిత్రకారిణికి చేరింది. మేడ మీది గది ఆమెదైంది. విరిగిన ఫ్రేములు షావుకారు మంచం కిందికి దిగాయి. హాల్లో కొట్టించిన మేకుకి చీపురు వేలాడుతోంది.

షావుకారుకి లాభం లేకపోలేదు. రెండో యుద్ధంలో అతను కింద పడక్కర్లేదు. ఈసారి అతను గుర్రం.