రొయ్యల పెట్టెలో లాప్‌టాప్

ఆ శనివారం పొద్దున్నే దేవసహాయం మాస్టారికి ఒక మంచి ఆలోచన వచ్చింది. ఆయనకు మంచి ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒక వస్తువు పాడవడం మామూలే కనుక, భార్య సలోమికి చెప్పకుండానే పని మొదలుపెట్టారు. ఆయన కైకలూరులో ఇరవై ఏళ్ళుగా సైన్సు చెబుతున్నారు. ఏ యంత్రమైనా తన మాట వింటుందని ఆయనకు గట్టి నమ్మకం.

ఈసారి ఆలోచన కూతురు పెర్సిస్ లాప్‌టాప్ గురించి. పెర్సిస్ ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. కొల్లేటి చేపల చెరువుల నీటి మీద ఏడాదిగా చేసిన ప్రాజెక్టంతా అందులోనే ఉంది. ఇంకెక్కడా కాపీ లేదు. సోమవారమే వైవా. ఆ లాప్‌టాప్ చూస్తే ఎవరో ఐదేళ్ళు వాడి వదిలించుకున్న సరుకు. ఆన్ చేసి, స్నానానికి వెళ్ళి, జడ కూడా వేసుకుని వస్తే అప్పటికి తెర వెలిగేది. పైగా వారం రోజులుగా అరగంట వాడేసరికి టిక్కుటిక్కుమని ఆగిపోతోంది.

"వైవా అయ్యేదాకా దాన్నెవరూ ముట్టుకోకండి డాడీ," అని మరీ మరీ చెప్పి, పెర్సిస్ ఆఖరి నీళ్ళ నమూనాల కోసం కలిదిండి వెళ్ళింది. సాయంత్రం వచ్చి చివరి పట్టిక ఎక్కించాలి.

ఆమె వచ్చేలోగా లాప్‌టాప్ పరుగెత్తాలని మాస్టారి కోరిక. ఏలూరులో కంప్యూటర్లు బాగుచేసే బుచ్చిబాబుతో ముందే మాట్లాడి ఉంచారు. ఆ రోజుల్లో పెద్దదనిపించుకున్న ఎనభై జీబీ హార్డ్‌డిస్కు, ఐదువందల పన్నెండు ఎంబీ ర్యామ్ వేసి, పాతదాంట్లోవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి సాయంత్రానికి ఇచ్చేస్తానన్నాడు. అయితే మాస్టారికి స్కూల్లో పరీక్షల డ్యూటీ పడింది. అందుకని రోజూ ఏలూరుకు చేపల పెట్టెలు తోలే వ్యాను డ్రైవరు, తన పాత విద్యార్థి సత్తిరాజు గుర్తొచ్చాడు. కైకలూరు మనిషికి భద్రమైన పెట్టె అంటే థర్మోకోల్ పెట్టే. లాప్‌టాప్‌ను మూడు నల్ల పాలిథిన్ సంచుల్లో చుట్టి, చుక్క నీరు దూరకుండా టేపు వేసి, పెట్టెలో పెట్టి మూత కట్టేశారు.

"లోపల ఏంటండి మాస్టారూ?" అన్నాడు సత్తిరాజు.

లాప్‌టాప్ అంటే ఊరికి తెలుస్తుంది. ఊరికి తెలిస్తే పెర్సిస్‌కు తెలుస్తుంది. చర్చిలో పెద్దమనిషి అయిన దేవసహాయం ఒక్క క్షణం తటపటాయించి, "రొయ్యలురా," అన్నారు. "ఏలూరులో బుచ్చిబాబు గారి షాపులో ఇచ్చెయ్యి. జాగ్రత్త సుమా."

మధ్యాహ్నం డ్యూటీ ముగించుకుని బస్టాండుకు వచ్చేసరికి, అప్పుడే తిరిగొచ్చిన సత్తిరాజు ఎదురయ్యాడు.

"అందించేశానండి. కానీ సైన్సు చెప్పే మీరు ఐసు వెయ్యకుండా రొయ్యలు పంపిస్తే ఎలాగండి? పెట్టె ఎత్తితే చుక్క కారలేదు. అనుమానమొచ్చి మూత తీసి, పైనా కిందా ఐసు దట్టించానండి. మీ దగ్గర చదువుకున్నోణ్ణి, ఆ మాత్రం చెయ్యలేనా?"

మాస్టారు అటునుంచి అటే ఏలూరు వైపు పరుగెత్తారు. దొరికిన బస్సెక్కి కూర్చున్నారు. ఆ పిల్ల ఏడాది పాటు ఎండనక వాననక చెరువు గట్ల మీద తిరిగి, నడుంలోతు నీళ్ళలో దిగి రాసుకున్న లెక్కలు. తన మంచి ఆలోచనకు అవన్నీ ఐసుపాలయ్యాయి. ఏలూరు చేరేదాకా ఆయన ప్రార్థన చేస్తూనే ఉన్నారు. అబద్ధమాడి వచ్చినవాడు ప్రార్థన ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలియలేదు.

బుచ్చిబాబు నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఈ మర్యాదలన్నీ ఎందుకండి మాస్టారూ? రొయ్యలు అందాయండి. రేపు ఆదివారం కదాని మా ఆవిడ ఫ్రీజర్లో పెట్టేసింది. ఇంతకీ లాప్‌టాప్ ఏదండి?"

"అదేనండి."

"ఏదండి?"

"రొయ్యలేనండి."

ఇద్దరూ షాపు వెనకే ఉన్న ఇంట్లోకి పరుగెత్తారు. బుచ్చిబాబు భార్య తులసి అప్పటికే ఆడపడుచుకి ఫోను చేసి భోజనానికి పిలిచేసింది. "పలకలా గట్టిగా ఉంటే, ఎంత బాగా ప్యాక్ చేశారో అనుకున్నానండి," అంది పాపం. సరిగ్గా అప్పుడే మాస్టారి ఫోను మోగింది.

"డాడీ, లాప్‌టాప్ కనబడ్డం లేదేంటి?" అంది పెర్సిస్.

"భద్రంగానే ఉందమ్మా," అన్నారు మాస్టారు, ఫ్రీజరు తలుపు పట్టుకుని.

సంచులు విప్పితే లోపల తడి లేదు. బుచ్చిబాబు హార్డ్‌డిస్కు ఊడదీసి, తన కంప్యూటరుకు తగిలించి కాపీ పెట్టాడు. అంతా ఎక్కడానికి ముప్పావుగంట పట్టింది. కాపీ పూర్తయిన రెండు నిమిషాలకు ఆ డిస్కు టిక్కుమని ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు.

"దీని జబ్బు మెమరీ కాదండి మాస్టారూ," అన్నాడు బుచ్చిబాబు చెమట తుడుచుకుంటూ. "డిస్కు ఆఖరి దశలో ఉంది. వేడెక్కితే చాలు, ఆగిపోతోంది. ఇంత చల్లగా ఉండబట్టే ఆ కాసేపు తిరిగింది. మామూలుగా తెచ్చుంటే సగం కూడా వచ్చేది కాదండి." అంటూనే అతని కళ్ళు పెద్దవయ్యాయి. "అందుకా మీరు రొయ్యలని చెప్పించారు! ఫ్రీజర్లో పెట్టమంటే లాప్‌టాప్‌ని ఎవరు పెడతారండి? అబ్బ, ఏం బుర్రండి మీది!"

"అయ్యో, నాకేం తెలీదండి..."

"ఊరుకోండి మాస్టారూ!"

కొత్త డిస్కు, కొత్త ర్యామ్ వేసిన లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మాస్టారు ఇల్లు చేరేసరికి పెర్సిస్ గేటు దగ్గరే ఉంది. అప్పటికే ఆమెకు బుచ్చిబాబు ఫోను చేసి, మాస్టారి ఐసు ఉపాయమంతా చెప్పేశాడు. లాప్‌టాప్ ఆన్ చేస్తే, ఆమె జడ ముడి విప్పేలోపే తెర వెలిగింది. ప్రాజెక్టు ఒక్క అంకె పోకుండా ఉంది. పెర్సిస్ తండ్రిని పట్టుకుని ఏడ్చేసింది.

"నేను చేసింది తప్పమ్మా," అన్నారు మాస్టారు. ఆయన కళ్ళు కూడా తడయ్యాయి. "నీకు చెప్పకుండా తీశాను, సత్తిరాజుతో అబద్ధమాడాను. ఐసు వాడు వేశాడు. ఫ్రీజర్లో వాళ్ళు పెట్టారు. నాకు ఏమీ తెలీదు."

"చూశావా మమ్మీ? గొప్ప చెప్పుకోవడం డాడీకి అస్సలు చేతకాదు," అంది పెర్సిస్.

సలోమి మొగుణ్ణి ఎగాదిగా చూసింది. పాతికేళ్ళుగా చూస్తున్న మనిషి కనుక ఆమెకు నిజం తెలిసిపోయింది. కానీ కూతురి మొహం చూసి ఊరుకుంది.

సోమవారం వైవాలో పెర్సిస్ నెగ్గింది. ప్రశ్నలడగడానికి వచ్చిన పెద్దలకు చెరువుల సంగతితో పాటు తండ్రి తెలివి కూడా వివరించి వచ్చింది. మంగళవారం పొద్దున పక్కింటి సత్యనారాయణమూర్తి గారు తిరగని మిక్సీ పట్టుకుని మాస్టారి గుమ్మంలో నిలబడ్డారు.

సలోమి మారు మాట్లాడకుండా ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె కాస్త పక్కకు జరిపింది.