శ్రమదినాల్లో శాక్సఫోను

శ్రమదినాలు మొదలవగానే, ఈస్టరు దాకా కీర్తనలు తప్ప వేరే పాటలు విననని గుణదల కృపానందం సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. అడగకపోయినా చెప్పాడు. పదో రోజున ఆఫీసు పని మీద మద్రాసు వెళితే, మూర్ మార్కెట్లో ఒక శాక్సఫోను రికార్డు కంటబడింది. అన్నీ నిదానంగా సాగే బ్లూసు అనే విషాద బాణీలు, ప్రేమగీతాలు. కొట్టువాడు ఒక్కటి వినిపించేసరికి ఆయన నిష్ఠ కాస్తా నీరుగారిపోయింది.

‘మాటల్లేనిది పాటెలా అవుతుంది?’ అని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. భార్య హన్నా ఆ తీర్పు ఒప్పుకోదు గనుక, రికార్డును క్రైస్తవ కీర్తనల అట్టలో దూర్చాడు. ఆవిడ స్త్రీల కూడికకు వెళ్ళిన సాయంత్రాలు తలుపులు మూసుకుని విని మురిసిపోయేవాడు.

ఇంతలో ఇంటింటా జరిగే ప్రార్థన కూడిక వంతు వాళ్ళింటికే వచ్చింది. చాపల మీద ఇరవై మంది కూర్చున్నారు. పాస్టరు సొలొమోను అయ్యగారి చూపు తిన్నగా ఆ అట్ట మీదే పడింది.

“కీర్తనలా! పెట్టవయ్యా కృపానందం, వింటూ ధ్యానం చేద్దాం.”

“సూది అరిగిపోయిందండీ.”

“మొన్ననేగా మార్పించారు?” అంది హన్నా.

“కరెంటు...”

“ఫ్యాను తిరుగుతోందిగా!” అంటూ ఆవిడే రికార్డు పెట్టేసింది.

ఈ దెబ్బతో సంఘంలో తలెత్తుకోవడం కల్ల అనుకున్నాడు కృపానందం. శాక్సఫోను సన్నగా మూలిగింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. మార్తమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

“గెత్సేమనే తోటలో ప్రభువు పడ్డ వేదనంతా ఇందులో ఉందయ్యా!” అన్నారు అయ్యగారు గద్గదంగా.

కృపానందానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. “ఆమేన్!” అని అందరికంటే గట్టిగా అరిచాడు.

అందరూ వెళ్ళాక హన్నా అంది: “రెండోవైపు పెట్టాల్సిందండీ. అందులో మూడోది ఇంకా బాగుంటుంది.”

“నీకెలా తెలుసు?”

“మీరు ఆఫీసుకెళ్ళగానే రోజూ వింటున్నాగా.”

“తెలిసీ అందరి ముందూ పెట్టావా? నా పరువు పోతే?”

“వింటే నాకే ఏడుపొస్తుంది. వాళ్ళకు రాదా?”

“శ్రమదినాల్లో ఇలాంటివి వినొచ్చా, హన్నా?”

“మానేస్తానని సాక్ష్యం చెప్పింది మీరు. నేను చెప్పానా? ఈస్టరు దాకా ఇది నాది. మీరు వరండాలో కూర్చోండి. దానంతటది చెవిన పడితే మీ తప్పేం లేదు.”

తిట్లు తప్పాయి, అదే పదివేలనుకున్నాడు కృపానందం. ఆవిడ రికార్డు తిరగేస్తుండగానే, కుర్చీ పట్టుకెళ్ళి వరండాలో కిటికీకి ఆనించి వేసుకున్నాడు.